అందని శుశ్రూష

'శుశ్రూష' యను పదమునకు ధాత్వర్థము సేవ కాదు. 'శ్రు' ధాతువునకు వినుట యని యర్థము. దానికి ఇచ్ఛార్థక ప్రత్యయము చేరగా 'వినవలెనను కోరిక' యను అర్థమున ఈ పదమేర్పడినది. గురువు చెప్పునది వినగోరువాడు గురువును సేవించును గనుక క్రమముగా దీనికి సేవ యను అర్థము కలిగినది. పిమ్మట రోగికి చేయు పరిచర్యకును అదియే పేరైనది. తెలుగు పాఠములు చెప్పుకొను నావంటివానికి ఇది తరగతిలో రెండు నిముషముల ముచ్చట. కాని గడచిన ఇరువది సంవత్సరములలో ఆసుపత్రులను గూర్చి వెలువడిన పరిశోధనలను చదివినపుడు ఈ ముచ్చట యొక ప్రశ్నగా మారుచున్నది. నేటి ఆసుపత్రులలో అన్నింటికంటె ముందుగా లోపించుచున్నది ఆ వినుటయే యని ఆ పరిశోధనలు చెప్పుచున్నవి.

ఆసుపత్రిలో జరుగు లోపములు రెండు విధములు. చేయరానిది చేయుట యొకటి. చేయవలసినది చేయకపోవుట రెండవది. ఒకరి మందు వేరొకరికిచ్చినచో అది పత్రికల కెక్కును; విచారణ జరుగును; ఎవరో యొకరు శిక్షింపబడుదురు. కాని పక్షవాతముతో పడియున్న వృద్ధుని రెండు గంటల కొకసారి ప్రక్కకు త్రిప్పవలసియుండగా ఉదయము నుండి సాయంకాలము వరకు త్రిప్పకపోయినచో దానికి విచారణ యుండదు. శస్త్రచికిత్స జరిగిన రోగిని మరునాడు నాలుగడుగులు నడిపింపకపోయినను, చేయి వణకు ముసలమ్మ యెదుట అన్నపు పళ్ళెము చల్లారిపోయినను, ఇంటికి పోవు రోగికి మందులెట్లు వాడవలెనో చెప్పకపోయినను ఆ సంగతి యెక్కడను నమోదు కాదు. జరిగిన పని మచ్చ మిగుల్చును. జరుగని పని మచ్చయు మిగుల్చదు. ఈ రెండవ విధమైన లోపమునే నేను 'అందని శుశ్రూష' యనుచున్నాను.

దీనిని శాస్త్రీయముగా పరిశీలించినవారిలో అగ్రగణ్యురాలు అమెరికాలో మిచిగన్ విశ్వవిద్యాలయమునకు చెందిన బియాట్రిస్ కాలిష్. ఆమె 2006లో ప్రకటించిన పరిశోధనలో నర్సులను, వారి సహాయకులను బృందములుగా కూర్చుండబెట్టి మాటలాడించి, తరచుగా విడిచిపెట్టబడుచున్న పనులు తొమ్మిదింటిని గుర్తించెను. రోగిని నడిపించుట, ప్రక్కకు త్రిప్పుట, వేళకు ఆహారమిచ్చుట, రోగికి తెలియజెప్పుట, ఇంటికి పంపుటకు తగిన ఏర్పాట్లు చేయుట, ధైర్యము చెప్పుట, శరీరశుభ్రత, లోనికి పోయిన ద్రవముల లెక్కయు వెలికి వచ్చిన ద్రవముల లెక్కయు వ్రాయుట, రోగిని కనిపెట్టియుండుట – ఇవి ఆ తొమ్మిది. వీనిలో ఒక్కటియు గొప్ప యంత్రములతో పని కలది కాదు. అన్నియు మనుష్యుని చేతులతో, కన్నులతో, నోటిమాటతో జరుగవలసినవి.

కారణములను కూడ ఆమె ఏడుగా విభజించెను. మనుష్యులు చాలకుండుట, పనికి పట్టు కాలము, ఉన్నవారిని సరిగా వినియోగించుకొనకపోవుట, 'ఇది నా పని కాదు' అను ధోరణి, పని అప్పగించుటలో లోపము, అలవాటు, ఒప్పుకొనకపోవుట. ఈ వరుసలోని చివరి రెండింటిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. మొదటి అయిదును పరిపాలనకు సంబంధించినవి. అలవాటు, ఒప్పుకొనకపోవుట యనునవి మాత్రము మనస్సునకు సంబంధించినవి. ఇవి పుట్టుకతో రావు. ఎక్కడనో నేర్వబడుచున్నవి. ఎక్కడ నేర్వబడుచున్నవి యనునదియే ఈ వ్యాసమునకు ముఖ్యవిషయము.

యూరపులో పండ్రెండు దేశముల యందు 488 ఆసుపత్రులలోని 33,659 మంది నర్సుల నడిగి తెలిసికొన్న సంగతులు 2014లో ప్రకటింపబడినవి. మీ కడపటి డ్యూటీలో సమయము చాలక ఏ పని విడిచిపెట్టితిరని ప్రశ్న. రోగితో మాటలాడుట, ఊరడించుట విడిచితిమని నూటికి 53 మంది చెప్పిరి. పరిచర్యా ప్రణాళిక వ్రాయుట విడిచితిమని 42 మందియు, రోగికిని బంధువులకును తెలియజెప్పుట విడిచితిమని 41 మందియు చెప్పిరి. అనగా కాలము చాలనపుడు మొట్టమొదట తెగిపోవునది మాట. సూదిమందు ఆగదు, ఏలయనగా వైద్యుడడుగును. సెలైను సీసా మార్చుట ఆగదు, ఏలయనగా అది కంటికి కనబడును. రోగి చెప్పుకొనబోవు మాట వినకపోయినచో అడుగువాడు లేడు. శుశ్రూషలో శుశ్రూషయే లోపించుట యనగా ఇదియే.

దీనికి నర్సులను నిందించుట సులభము. కాని ఒక చిన్న లెక్క వేసి చూతము. ఎనిమిది గంటల డ్యూటీ యనగా 480 నిముషములు. ఒక నర్సునకు ముప్పదిమంది రోగులున్నచో ఒక్కొక్కరికి వచ్చునది పదునారు నిముషములు. ఆ ముప్పదిమందిలో ఎనమండుగురు తమంత తాము కదలలేనివారనుకొందము. రెండు గంటల కొకసారి త్రిప్పవలెను గనుక డ్యూటీలో ఒక్కొక్కరిని నాలుగుసార్లు, మొత్తము ముప్పదిరెండు సార్లు త్రిప్పవలెను. ఒక్కొక్క పర్యాయమునకు అయిదు నిముషములు వేసినను 160 నిముషములు, అనగా డ్యూటీలో మూడవవంతు, ఆ ఒక్క పనికే చెల్లును. పైగా బరువైన రోగిని త్రిప్పుటకు ఇద్దరు కావలెను. మిగిలిన కాలములో మందులు, సూదులు, రక్తపు పోటు, జ్వరము చూచుట, వైద్యునితో రౌండ్లు, క్రొత్తగా చేరినవారు, చనిపోయినవారు, రిజిస్టర్లు. ఈ గణితములో ఏదో యొకటి తప్పక జారిపోవును. సద్బుద్ధి యెంత యున్నను నిముషములను పొడిగింపలేదు.

జారిపోయిన చిన్న పని చిన్నదిగా ఉండిపోదు. త్రిప్పని రోగికి పడకపుండ్లు పడును. నడిపింపని రోగి కాలి నరములలో రక్తము గడ్డకట్టవచ్చును. నోరు శుభ్రము చేయనివానికి ఊపిరితిత్తుల వ్యాధి రావచ్చును. కనిపెట్టి చూడని రోగి స్థితి విషమించినది తెల్లవారిన పిమ్మట గాని తెలియదు. 2014లోనే 'లాన్సెట్' పత్రికలో వెలువడిన యొక పరిశోధన తొమ్మిది యూరపు దేశములలో శస్త్రచికిత్స జరిగిన 422,730 మంది రోగుల వివరములను పరిశీలించినది. నర్సునకు ఒక్క రోగి యధికమైనచో, ఆసుపత్రిలో చేరిన ముప్పది దినములలోపల రోగి మరణించు అవకాశము నూటికి ఏడు చొప్పున పెరుగుచున్నట్లు అందు తేలినది. కాబట్టి ఇది మర్యాదకు సంబంధించిన విషయము కాదు, ప్రాణమునకు సంబంధించినది.

ఈ లోపములన్నియు ఒకచోట పేరుకొన్నప్పుడేమగునో ఇంగ్లాండులోని స్టాఫర్డ్ ఆసుపత్రి లోకమునకు చూపినది. 2005 నుండి 2009 వరకు ఆ ఆసుపత్రిని నడపిన సంస్థలో జరిగిన సంగతులను రాబర్ట్ ఫ్రాన్సిస్ అను న్యాయవాది విచారించి, 2013 ఫిబ్రవరిలో 290 సిఫారసులతో బహిరంగ విచారణ నివేదికను సమర్పించెను. మలినమైన ప్రక్కబట్టలలో రోగులను చాలసేపు విడిచిపెట్టుట, త్రాగునీరు చేతికందని దూరమున నుంచుట, తినిపింపవలసినవారికి తినిపింపకపోవుట, ఎన్ని పర్యాయములు పిలిచినను మరుగుదొడ్డికి తీసికొనిపోకపోవుట – ఇవియే అందు బయటపడిన సంగతులు. అది కడు బీద దేశము కాదు. మందులు లేని ఆసుపత్రియు కాదు. వ్యయము తగ్గింపవలెనని నర్సుల సంఖ్యను తగ్గించిరి; లెక్కలు బాగుగా నున్నవి గనుక అంతయు బాగుగానే యున్నదని పెద్దలు భావించిరి. 2007లో తన తల్లిని అక్కడ పోగొట్టుకొన్న జూలీ బెయిలీ యను ఆమెయు, ఆమెవంటి బంధువులును పట్టుబట్టి యడుగగా గాని నిజము వెలికి రాలేదు. అట్టి ఆసుపత్రులలో శిక్షణ పొందు విద్యార్థులు క్రొత్త కన్నులతో చూచువారు గనుక వారి మాటను తప్పక వినవలెనని కూడ ఆ నివేదిక భావించినది.

ఇప్పుడు విద్యార్థుల సంగతికి వత్తము.

నర్సింగు విద్యార్థి యొక విచిత్రమైన స్థితిలో నుండును. ఉదయము తరగతిలో పుస్తకము, మధ్యాహ్నము వార్డులో జీవితము. పుస్తకములో పడకపై నున్న రోగికి స్నానము చేయించు విధానము క్రమము తప్పకుండ వ్రాయబడియుండును. పరీక్షలో ఒక్క మెట్టు మరచినను మార్కులు పోవును. వార్డులో ఆ స్నానమే యుండదు. ఇట్లు విద్యకును ఆచరణకును మధ్యనున్న అగాధములో పడి క్రొత్త నర్సులు పొందు ఆఘాతమును మార్లీన్ క్రేమర్ యను పండితురాలు 1974లోనే ఒక గ్రంథముగా వ్రాసెను. చేయవలసినదేదో తెలిసియు, పరిస్థితులు చేయనీయకపోవుటచే కలుగు మనోవేదనకు ఆండ్రూ జేమ్‌టన్ 1984లో 'నైతిక వేదన' యను అర్థమిచ్చు పేరు పెట్టెను. అజ్ఞానము వలన కలుగు బాధ కాదిది. జ్ఞానము వలన కలుగు బాధ. తెలియనివానికి ఈ వేదన లేదు.

మన ప్రాచీనులు ఈ విషయమెరుగనివారు కారు. చరకసంహిత వైద్యమునకు నాలుగు పాదములు చెప్పినది – వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. పరిచారకునకు నాలుగు గుణములను నిర్దేశించినది – ఉపచార జ్ఞానము, దక్షత, రోగియందు అనురాగము, శుచిత్వము. నాలుగు పాదములలో నొకటి విరిగినను మంచము నిలువదు. నేటి శిక్షణాలయములు మొదటి రెండు గుణములకు మార్కులు వేయుచున్నవి. అనురాగమునకు మార్కులు లేవు సరే, దానిని చూపుటకు నిముషములు కూడ లేవు.

2018లో ఇంగ్లాండులో గిబ్బన్, క్రేన్ అను నిరువురు, అందని శుశ్రూష విద్యార్థుల వృత్తిసంస్కారముపై ఎట్టి ప్రభావము చూపుచున్నదో విద్యార్థులతోనే మాటలాడి పరిశీలించిరి. వారు లోపములను గుర్తించుచున్నారు. వానికి సమాధానములు కల్పించుకొనుచున్నారు. తమకు చేతనైనంతలో సరిదిద్ద యత్నించుచున్నారు. తుదకు ఎట్టి వార్డులో ఉద్యోగము చేయవలెనను నిర్ణయము కూడ ఈ అనుభవముపై ఆధారపడుచున్నది. ఇందు నాకు మిక్కిలి ముఖ్యముగా తోచినది సమాధానము కల్పించుకొనుట. మొదటి సంవత్సరమున 'ఇట్లేల జరుగలేదు?' అని ఆశ్చర్యపడు బాలిక, రెండవ సంవత్సరమున 'పాపము, సిస్టరుగారికి తీరికేదీ!' యని సర్దిచెప్పుకొనును. మూడవ సంవత్సరమున ఆమెకు ఆ ప్రశ్నయే పుట్టదు. సానుభూతిగా మొదలైనది చూపు పోగొట్టుటతో ముగియును. కాలిష్ చెప్పిన 'అలవాటు', 'ఒప్పుకొనకపోవుట' యనునవి నేర్వబడు పాఠశాల ఇదియే. ఆ పాఠమును ఏ ఉపాధ్యాయుడును చెప్పుట లేదు, వార్డు చెప్పుచున్నది.

మా కళాశాలలో చదివి నర్సింగునకు పోయిన విద్యార్థినులు సెలవులలో వచ్చినపుడు అప్పుడప్పుడు కొన్ని సంగతులు చెప్పుచుందురు. వారిలో నొకతె చెప్పినది మాత్రము నేను మరువలేదు. రోగి త్రాగిన నీటిని, విడిచిన మూత్రమును కొలిచి గంట గంటకు చార్టులో వ్రాయవలెను. ఆ రాత్రి కొలుచుటకు ఎవరికిని తీరిక లేకపోయినది. తెల్లవారుజామున, డ్యూటీ మారుటకు ముందు, గడులన్నియు ఒక్కసారిగా నింపుమని ఆమెకు చెప్పిరి. "అంకెలు వేయుట నాకు కష్టము కాలేదండీ, సరిపోవునట్లు వేయుట త్వరగానే వచ్చినది. అదే నాకు భయము వేసినది" అని ఆమె యన్నది. చేయని పని యొక యెత్తు, చేసినట్లు వ్రాయుట మరియొక యెత్తు. మొదటిది రోగికి కీడు. రెండవది రోగికిని, తరువాత వచ్చు వైద్యునికిని, వ్రాసిన చేతికిని కీడు. ఇరువదేండ్ల పిల్ల తన వృత్తిలో వ్రాసిన తొలి వాక్యములలో నొకటి అసత్యమగుట ఎంత దారుణమో, వ్రాత నేర్పుటయే వృత్తిగా గల మనకు వేరుగా చెప్పనక్కరలేదు.

మన దేశములో ఈ సమస్యకు మరియొక ముఖమున్నది. ఇచ్చట అందని శుశ్రూష కనబడదు. ఏలయనగా దానిని బంధువులు పూరించుచున్నారు. ప్రభుత్వాసుపత్రి వార్డులోనికి పోయి చూచినచో ప్రతి మంచము క్రిందను ఒక చాప, ఒక క్యారియరు, ఒక తల్లియో భార్యయో కనబడుదురు. తినిపించునది వారు, తుడుచునది వారు, బెడ్ పాన్ పెట్టునది వారు, సెలైను సీసా అయిపోవుచున్నదని పరుగెత్తి చెప్పునది వారు. ఇది మన కుటుంబవ్యవస్థకు గర్వకారణమని కొందరందురు. కొంత నిజమే. ప్రేమతో తినిపించు చేతికి సాటి లేదు. కాని పడకపుండు పడకుండ రోగిని ఎట్లు త్రిప్పవలెనో, మ్రింగలేనివానికి ఎట్లు తినిపింపవలెనో ఆ తల్లికి నేర్పినవారు లేరు. పైగా ఆమె అచ్చటనున్న దినములకు కూలి పోవుచున్నది. ఇక ఎవరును లేని రోగి సంగతి యేమి? అనాథ రోగి మంచము నొద్ద నిలిచి చూచినపుడే ఆసుపత్రి యిచ్చు శుశ్రూష నిజముగా ఎంతయో తెలియును. విద్యార్థినులకు ఈ సంగతి బాగుగా తెలియును. బంధువులు లేని మంచములు సాధారణముగా వారి వంతునకే వచ్చును.

బోధనాసుపత్రులలో ముగ్గురు రోగులకొక నర్సు, సామాన్యాసుపత్రులలో ఐదుగురి కొక నర్సు ఉండవలెనని భారత నర్సింగు మండలి నియమము. ఈ నియమమునకును వాస్తవమునకును మధ్యనున్న దూరమును వార్డులో నడచినవారెవరైనను చూడగలరు. ఆ దూరమును పూడ్చుటకు రెండు వస్తువులు వాడబడుచున్నవి – ఒకటి బంధువుల శ్రమ, రెండవది విద్యార్థుల శ్రమ. నేర్చుకొనవచ్చిన విద్యార్థిని పనిమనిషిగా లెక్కించుట ఎక్కడ జరిగినను అది విద్యాద్రోహమే. నేర్పువారు లేక చేసిన పని అభ్యాసము కాదు. పొరపాటును గట్టిపరచుకొనుట మాత్రమే.

నర్సులకు అర్హతలు, శిక్షణ, నమోదులను క్రమబద్ధము చేయుటకు 1947లో భారత నర్సింగు మండలి చట్టము వచ్చినది. దాని స్థానమున 2023లో జాతీయ నర్సింగు, మంత్రసాని కమిషను చట్టము చేయబడినది. విద్యాప్రమాణములు నిర్ణయించుటకు ఇవి యవసరమే. కాని ఒక నర్సునకు ఇంతమందికి మించి రోగులను ఒప్పగింపరాదని నిర్బంధించు చట్టము వేరు. కాలిఫోర్నియా రాష్ట్రము 1999లో అట్టి చట్టము చేసి 2004 నుండి అమలు జరుపుచున్నది. 2005 నుండి సామాన్య వైద్య, శస్త్రచికిత్సా వార్డులలో అయిదుగురికి మించరాదని హద్దు పెట్టినది. వేల్స్ దేశము 2016లో ఇందుకై ప్రత్యేకముగా శాసనము చేసినది. సంఖ్య చట్టములో నున్నపుడు కొరత యొక ఫిర్యాదుగా గాక ఉల్లంఘనగా లెక్కకు వచ్చును. భేదమంతయు అందులోనే యున్నది.

ఇచట ఒక ఆక్షేపణ వచ్చును. 'ప్రపంచమంతటను నర్సుల కొరత యున్నది. బీదదేశమునకు ఇవన్నియు విలాసములు' అని. కొరత నిజము. 2023 నాటికి ప్రపంచములో 2 కోట్ల 98 లక్షల మంది నర్సులున్నారనియు, ఇంకను 58 లక్షల మంది తక్కువపడుచున్నారనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ప్రకటించినది. కాని మన సంగతి వేరు. మన తెలుగునాట ఊరూర నర్సింగు కళాశాలలు వెలసినవి. చదివిన పిల్లలు గల్ఫు దేశములకు, ఇంగ్లాండునకు పోవుచున్నారు. లేదా ప్రైవేటు ఆసుపత్రులలో చాలీచాలని జీతములకు పని చేయుచున్నారు. నర్సింగు చదువు గలవారు లేక కాదు, వారిని నియమించు ఉద్యోగములు లేక వార్డులు ఖాళీగా నున్నవి. ఖర్చు మాట కూడ ఆలోచింపవలెను. పడకపుండు పడిన రోగి మరి పదిదినములు మంచము విడువడు. ఆ మంచమునకగు వ్యయము ఆదా యని యెవరనగలరు?

మరి చేయవలసినదేమి? నియామకములు ప్రభుత్వము చేయవలెను, అది ముందుమాట. కాని శిక్షణాలయములు రేపటినుండియే చేయదగినవి కొన్ని కలవు. డ్యూటీ ముగిసిన పిదప విద్యార్థులను పదిహేను నిముషములు కూర్చుండబెట్టి 'ఈనాడు ఏది చేయలేకపోతిమి?' అని అడుగవలెను. 'ఏమి చేసితివి?' అను ప్రశ్నకు వారి నోటుపుస్తకములలో కావలసినంత చోటున్నది, 'ఏమి మిగిలినది?' అను ప్రశ్నకు గడియే లేదు. ఆ గడిని చేర్చవలెను. నిజము వ్రాసినందులకు మార్కులు తగ్గవని మాట యీయవలెను. కొలువనిచోట 'కొలువలేదు' అని వ్రాయు స్వేచ్ఛ ఉండవలెను. ఆ రెండు మాటలు వైద్యునికి ఒక కల్పితమైన అంకెకంటె ఎక్కువ ఉపయోగపడును. అన్నింటికి మించి, విద్యార్థి చెప్పినది తప్పుపట్టుటగా గాక సమాచారముగా గ్రహింపబడవలెను. సీనియరు నర్సును బోనులో నిలబెట్టుటకు ఇది సాధనమైనచో ఎవరును నోరు విప్పరు. పని మరింత చీకటిలో పడును.

ఉపాధ్యాయ మిత్రులతో ఒక మాట. పదవతరగతి, ఇంటరు ముగించిన పిల్లలను నర్సింగునకు పంపునపుడు 'త్వరగా ఉద్యోగము వచ్చును, విదేశములకు పోవచ్చును' అని చెప్పుచున్నాము. ఆ వృత్తిలో వారికెదురగు పరీక్ష ఏదో కూడ చెప్పవలెను. రక్తమును చూచి భయపడుట నాలుగు దినములలో పోవును. పిలుచుచున్న రోగిని దాటి పోవలసివచ్చినపుడు కలుగు బాధ పోరాదు. అది బలహీనత కాదనియు, దానిని కాపాడుకొనవలెననియు చెప్పవలెను. ఆ బాధ మిగిలిన నర్సు ఉన్న నిముషములలో ఎవరికి ముందు పోవలెనో సరిగా నిర్ణయించుకొనును. అది చచ్చిన నర్సునకు ముగ్గురు రోగులనే యొప్పగించినను ముగ్గురిని చూడదు.

విద్యార్థులతో మరియొక మాట. మీరు చూచినది చూచినట్లు గుర్తుంచుకొనుడు. పై వారిని ద్వేషింపకుడు. వారును ఒకనాడు మీవలెనే ఆశ్చర్యపడినవారే. కాని వారి అలవాటును వారసత్వముగా స్వీకరింపకుడు. చేయలేకపోయినదానిని చేయలేకపోతినని చెప్పుట నేర్చుకొనుడు. అట్లు చెప్పువారి సంఖ్య పెరిగిననాడు ఎందరు నర్సులు కావలెనో లెక్క వేయుట ప్రభుత్వమునకు సులభమగును. నేడు ఆ లెక్క నిండిన గడుల వెనుక దాగియున్నది.

ఇక పాఠకులందరును చేయగల పని యొకటి కలదు. మీ యింటనో, ప్రక్కయింటనో నర్సింగు చదువు పిల్ల సెలవులకు వచ్చియుండును. ఆమెను మార్కులెన్ని వచ్చినవని అడుగుదురు; అడుగుడు. తరువాత 'వార్డులో ఏ పని చేయలేకపోయితివమ్మా?' అని కూడ అడిగి, ఆమె చెప్పి ముగించువరకు నడుమ మాటలాడక వినుడు.